కిల్‌బ్రాకన్ సీటు

కిల్‌బ్రాకన్,
20 నవంబరు 1767

తమ్ముడు థియోఫిలస్‌కి,

నీ ఉత్తరం రాకముందే నీ ఘనకార్యం ఊరు చేరింది. మంగళవారం సంతలో వెన్న అమ్మే ముసలాయన నన్ను చూసి టోపీ తీశాడు. "తమ్ముడుగారు గట్టోరేనమ్మా. పార్లమెంటుకి ఏడేళ్ళకోసారి ఎన్నికలు పెట్టాల్సిందేనని లేచి నిలబడి అడిగారంట గదా!" అన్నాడు. నేను ముందే తెలిసినదానిలా నవ్వి, ఇంటికొచ్చాక తలుపు వేసుకుని నిన్ను తిట్టాను.

థియో, నీకు మతి ఉండే చేశావా ఈ పని? నాన్న ఎలా గెలిచాడో మర్చిపోయావా? పాత రాజుగారు గద్దెనెక్కినప్పుడు ఒక్కసారి ఈ ఊరివాళ్ళకి విందు పెట్టాడు. ఆ తర్వాత ముప్పై మూడేళ్ళు ఆయనకి ఓటు మాటే ఎత్తాల్సిన పని పడలేదు. రాజు బతికున్నంత కాలం ఆయనా సభ్యుడే. రాజూ నాన్నా ఒకే శీతాకాలంలో పోయారు, ఆ సీటు పోటీ లేకుండా నీకు వచ్చింది. ఇప్పుడు రాజుగారికి ఇంకా ముప్పై నిండలేదు, గుర్రంలా ఉన్నాడు. నువ్వు నిశ్చింతగా ముసలివాడివయ్యేదాకా కూర్చోవచ్చు. అలాంటిది, కూర్చున్న కొమ్మను నరుక్కోవడానికి డబ్లిన్ దాకా వెళ్ళి గొడ్డలి అడుగుతున్నావు.

నా బాధ మన పరువు గురించి కాదు. సర్ లూకస్ వేడ్ గురించి. రెండేళ్ళ నుంచి ఆయన కన్ను ఊరి ఉమ్మడి చిత్తడినేల, ఆ బాడవ మీద ఉంది. ఈ ఊళ్ళో పొయ్యి వెలిగేది ఆ బాడవలో మట్టిపెళ్ళల్లా టర్ఫ్ కోసి, ఎండబెట్టి కాల్చుకుంటేనే. దాని చుట్టూ కంచె కట్టి తన పొలంలో కలుపుకోవాలంటే పార్లమెంటులో చట్టం కావాలి. ఈ ఊరికున్న రెండు సీట్లలో ఒకటి ఎప్పుడూ లార్డుగారి మనిషిది, ఆయన నోరు విప్పడు. అడ్డం నిలబడేవాడివి నువ్వొక్కడివే. ఎన్నిక వచ్చిందంటే సర్ లూకస్ ఈ ఊరిని విస్కీలో ముంచి ఆ సీటు ఎత్తుకుపోతాడు.

పెగ్ నీకు మేజోళ్ళు అల్లుతోంది. మనిద్దరినీ పెంచిన చెయ్యి, ఇప్పుడు కొంచెం వణుకుతోంది. కుట్లు వంకరగా ఉంటే ఏమీ అనకుండా తొడుక్కో.

నీ అక్క,
హెస్టర్

*

కేపెల్ వీధి, డబ్లిన్,
1 డిసెంబరు 1767

అక్కా,

నువ్వు తలుపు వేసుకుని తిట్టినా నాకు ఇక్కడికి వినిపించింది.

ఒక్క మాట అడుగుతాను. ముప్పై మూడేళ్ళలో నాన్న మన ఊరివాళ్ళని ఎన్నిసార్లు కలిశాడు? టోపీ తీసిన ఆ వెన్న ముసలాయన పేరు నాన్నకు తెలుసా? నాకూ తెలియదు, సిగ్గుగా ఉంది. ఎవరి ఓటు అక్కర్లేనివాడికి ఎవరి పేరూ అక్కర్లేదు. సర్ లూకస్ లాంటివాడు ఒకసారి ఎక్కి కూర్చుంటే వాడిని దింపడానికి రాజుగారి చావు కోసం ఎదురుచూడాలా? ఈ బిల్లు నన్ను పడేస్తే పడేయనీ. అతన్నీ పడేస్తుంది.

ఇక్కడ సంగతి తమాషాగా ఉంది. సభలో సగంమందికి ఈ బిల్లు గిట్టదు. కానీ వీధిలో జనం చూస్తున్నారని అందరూ చేతులెత్తారు, చట్టం కావాలంటే బిల్లు లండన్ వెళ్ళి రావాలి కదా, అక్కడ మంత్రులు చెత్తబుట్టలో వేస్తారులే అన్న ధైర్యంతో. అక్కడి మంత్రులేమో డబ్లిన్‌వాళ్ళే చంపుతారులే అనుకుంటున్నారట. ఇలా ఒకరి మీద ఒకరు తోసుకుంటూ పొరపాటున మంచిపని చేసేలా ఉన్నారు.

నా బస మారింది. కింద అచ్చు యంత్రం, పైన నేను. అచ్చుశాల నడిపేది మిసెస్ కీటింగ్ అనే విధవరాలు. నా ఉపన్యాసం అచ్చువేయమని ఇస్తే తిరిగి ఇచ్చేసింది. "అయ్యా, ఇందులో నాలుగు పేజీలు వాక్యాలున్నాయి, ఒక పేజీ విషయం ఉంది. ఆ పేజీ వేస్తాను" అంది. కోపం వచ్చింది గానీ వేసింది చూస్తే ఆమె చెప్పిందే నిజం. ఊరంతా ఆ పేజీ చదువుతోంది.

మేజోళ్ళు అందాక తొడుక్కుని నడుస్తానని పెగ్‌కి చెప్పు.

థియో

*

కిల్‌బ్రాకన్,
6 జనవరి 1768

థియో,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి ఒప్పుకున్నాను. ఒప్పుకోవడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు, కాబట్టి మళ్ళీ ఎత్తకు.

ఆ ముసలాయన పేరు టోబియాస్ గ్రీర్. ఆయనకు ఓటుంది. కనుక్కున్నాను. ఇంకా చాలా కనుక్కున్నాను. ఈ ఊళ్ళో ఓటున్నవాళ్ళు తొంభై అయిదుగురు. కాథలిక్కులకి చట్టం ఇవ్వలేదు, ఆడవాళ్ళకి ఇవ్వాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. కానీ ఆ తొంభై అయిదుమందిలో ఎనభైమందికి పెళ్ళాలున్నారు. నేను గుమ్మంలో మగవాడితో వాతావరణం గురించి మాట్లాడి, వంటింట్లో ఆవిడతో బాడవ గురించి మాట్లాడుతున్నాను. నువ్వు కొమ్మ నరుక్కో, కింద దుప్పటి పట్టుకుని నేనున్నాను.

అందరికంటే గట్టి ప్రశ్నలు వేసింది నారబట్టల వర్తకుడు ఎబెనెజర్ కిల్గోర్. ప్రెస్బిటేరియన్, మన చర్చికి రాడు, నవ్వడం పాపమనుకునే రకం. "మీ తమ్ముడుగారు బాడవని కాపాడతారని నోటిమాట కాదమ్మా, కాగితం మీద కావాలి" అన్నాడు. పెళ్ళాం వెనకనుంచి కన్నుగీటింది. కాగితం రాసిచ్చాను, నీ పేరు పెట్టి నా సంతకం చేశాను.

సర్ లూకస్ ఈ నెలలో రెండుసార్లు టీకి వచ్చాడు. ఎప్పుడూ లేనిది పెగ్ చేసిన ఓట్ రొట్టెను పొగిడాడు. ఏదో ఉంది.

హెస్టర్

*

కేపెల్ వీధి,
20 ఫిబ్రవరి 1768

ప్రియమైన అక్కకు,

గెలిచాం! లండన్ నుంచి బిల్లు తిరిగి వచ్చింది. ఏడేళ్ళని ఎనిమిది చేశారు, ఆ మార్పుకి అలిగి మేమే కొట్టేస్తామని వాళ్ళ ఎత్తు. వీధి నిండా జనం. "ఓటెయ్యండయ్యా, లేకపోతే ఇంటికెలా పోతారో చూస్తాం!" అని ఒకటే అరుపులు. కాదనే దమ్ము ఎవరికీ లేకపోయింది. వేసవిలోనే ఎన్నికలు ఉండవచ్చు.

చేతిరాత మారిందని ఆశ్చర్యపోకు. చలికి నా వేళ్ళు కొంకర్లుపోయాయి, పక్కనున్నవాళ్ళు రాసిపెడుతున్నారు. నేను కులాసాగా ఉన్నాను. ఆకలి కూడా బాగానే ఉంది.

సర్ లూకస్ టీకి రావడం నాకు నచ్చలేదు. ఎన్నోసారి?

థియో

*

కిల్‌బ్రాకన్,
27 ఫిబ్రవరి 1768

థియో,

బిల్లు సంగతి విని ఊళ్ళో మంటలు వేసి ఎగిరారు. నేనూ ఎగిరాను. ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ తీశాను.

డబ్లిన్‌లో చలా? ఇక్కడ పది రోజులుగా మంచు కరిగి బురద. పైగా ఆ చేతిరాత ఆడమనిషిది. అక్షరాలు అచ్చులో పోసినట్టున్నాయి. నువ్వు పుట్టి బుద్ధెరిగాక "ప్రియమైన అక్కకు" అని నాకెప్పుడూ రాయలేదు. ఆ ముక్క ఆవిడ చేర్చింది.

ఇది విను. సర్ లూకస్ మనుషులు ఊళ్ళో ఒక కబురు వదిలారు: టారంట్‌గారు డబ్లిన్‌లో అచ్చుశాల విధవరాలిని గుట్టుగా పెళ్ళాడారు, ఆవిడ కాథలిక్కు. పెళ్ళామైన ఏడాదిలోగా ఆవిడ మన ప్రొటెస్టెంట్ చర్చిలో చేరకపోతే నీ సీటు పోయినట్టేనని ఇక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు. నేను ఆదివారం చర్చి మెట్లమీద నిలబడి, "అది అబద్ధం, నా మాటకి విలువుంటే నమ్మండి" అన్నాను. నమ్మారు. ఇప్పుడు నువ్వు చెప్పు. పెళ్ళి అయిందా, లేదా? ఒక్క ముక్క చాలు.

సర్ లూకస్ రావడం ఇప్పటికి అయిదుసార్లు. పోయిన గురువారం నన్ను పెళ్ళాడతానన్నాడు. ఊరంతా మా ఇద్దరినీ కలిపి మాట్లాడుతోంది. మాట్లాడనీ, మనకదే మంచిది.

హెస్టర్

*

కేపెల్ వీధి,
10 మార్చి 1768

హెస్టర్,

పెళ్ళి కాలేదు. నువ్వడిగిన ముక్క అదే కదా.

ఈ వంకర రాత నాదే, ఎడమచేత్తో. కుడిచెయ్యి కట్టులో ఉంది. బిల్లు నెగ్గిన మర్నాడు సభలో ఒక పెద్దమనిషి నన్ను ఒక మాట అన్నాడు. మూడో రోజు పొద్దున్నే ఫీనిక్స్ పార్కులో పిస్తోళ్ళతో కలుసుకున్నాం. నేను గాల్లోకి కాల్చాను. అతను అంత మర్యాదస్తుడు కాడు. గుండు మోచేతి పైన దూరి బయటికి పోయింది. నీకు చెప్పొద్దనుకున్నాను, అందుకే మిసెస్ కీటింగ్ చేత రాయించాను. వైద్యుడు బాగానే ఉందంటున్నాడు.

ఇక నీ సంగతి. అభినందనలు. నా వెనక కూర్చుని బాడవ గురించి కాగితాలు రాసిస్తూ, ముందుగదిలో లేడీ వేడ్ కావడానికి ఏర్పాట్లు చేసుకుంటావని నేననుకోలేదు. "మనకదే మంచిది" అట. ఎవరికి? నలభై నాలుగేళ్ళు నీ ఇష్టప్రకారం బతికావు, ఇదీ నీ ఇష్టమే. సర్ లూకస్‌తో చెప్పు, పోటీలోంచి నేను తప్పుకోను.

టి. టారంట్

*

కిల్‌బ్రాకన్,
17 మార్చి 1768

ఒరే గాడిదా,

ఈ ఉత్తరం వచ్చేసరికి నువ్వు పడుకుని ఉంటే లేచి కూర్చో. కూర్చుని ఉంటే నిలబడు. అక్క మాట్లాడుతోంది.

సర్ లూకస్ వచ్చాడు. నాన్న కుర్చీలో కూర్చున్నాడు. "హెస్టర్, మీకు నలభై నాలుగు, నాకు యాభై ఎనిమిది. మీ తమ్ముడు తప్పుకుంటే ఇద్దరం పెద్దవాళ్ళలా ఆలోచించుకోవచ్చు. మీకు పేరొస్తుంది, నాకు సీటొస్తుంది" అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. "సర్ లూకస్, మీ గుర్రం మా క్యాబేజీలు తింటోంది. ముందు దాని సంగతి చూడండి" అన్నాను. ఆయన అర్థం చేసుకోలేదు. "మరి జవాబు?" అన్నాడు. "అదే జవాబు. కంచె దాటి మేసే అలవాటు మీ ఇంట్లో అందరికీ ఉంది" అన్నాను. గది బయట పెగ్ నవ్వు ఆపుకోలేక దగ్గుతో కప్పేసింది.

ఆ తిరస్కారం గురించి ఆయన బయట చెప్పుకోలేడు కదా. నేనూ చెప్పలేదు. దాంతో ఆయన మనుషులంతా నేను రేపో మాపో వాళ్ళ యజమానురాలిని అవుతాననుకుని, ఎవరికి ఎంత ఆశ చూపారో, ఎవరు ఊగుతున్నారో, అన్నీ నా దగ్గర వాగేశారు. మనకదే మంచిది అన్నది అందుకు. బుర్రలో ఆ మాత్రం వెలుగు కూడా లేకుండా పార్లమెంటులో ఏం చేస్తున్నావు?

ఇప్పుడు నీ చెయ్యి. నాకు చెప్పకుండా నన్ను కాపాడావా? నువ్వు చచ్చి ఉంటే ఎవరు చెప్పేవారు, ఆ విధవరాలేనా? రాసేందుకు చెయ్యి దొరికింది గానీ నిజం చెప్పేందుకు నోరు దొరకలేదు. దొంగలెవరో నీకు పిస్తోలు గురిపెడితే ఒప్పుకుంటాను, మాట పడలేక పొద్దున్నే లేచి పార్కుకి వెళ్ళి నిలబడటం ఏమిటి? ఆ మాటేమిటో కూడా రాయలేదు. పెగ్ విని ఏడ్చింది, తర్వాత బాతుకొవ్వుతో మందు కాచింది. సీసా పంపుతున్నాను. పూయించుకో.

పెళ్ళి కాలేదన్నావు కాబట్టి మనసు తేలికపడింది. ఇవాళ పాట్రిక్ పండగ సంతకు వచ్చినవాళ్ళందరి ముందూ మళ్ళీ చెప్పాను, ఈసారి బైబిలు మీద చెయ్యివేసి: "మా తమ్ముడికి ఆవిడతో ఏ సంబంధమూ లేదు." ఇక ఆ కబురు చచ్చినట్టే.

నీ అక్క, లేడీ ఏమీ కానిది,
హెస్టర్

*

కేపెల్ వీధి,
2 జూన్ 1768

అక్కా,

నువ్వు గాడిదన్నావు, నేను కాదనలేదు, అప్పటినుంచి మన మధ్య ఉత్తరాలన్నీ ఓటర్ల గురించే. పార్లమెంటు రద్దయింది. జూలై ఎనిమిదిన మన ఊళ్ళో పోలింగు పెట్టారట.

నేను నెలాఖరుకి బయల్దేరాలనుకున్నాను. కానీ చెయ్యి మళ్ళీ వాచింది. గుండుతోపాటు దూరిన చొక్కా పీలిక ఒకటి లోపలే ఉండిపోయిందని, కోసి తీయాలని వైద్యుడు అంటున్నాడు. భయపడకు. మిసెస్ కీటింగ్ చాలా జాగ్రత్తగా చూస్తోంది. ఆమె గురించి నీకొక మాట రాయాలని ఉంది. ఆమె మామూలు మనిషి కాదు. పొద్దున అయిదింటికి అచ్చు అక్షరాలు పేర్చడం మొదలుపెడుతుంది. నాతో వాదిస్తుంది. గెలిచినా నవ్వదు, ఓడినా అలగదు. సరే, తర్వాత రాస్తాను.

నువ్వు సంతలో బైబిలు మీద ప్రమాణం చేయకుండా ఉండాల్సింది.

థియో

*

కిల్‌బ్రాకన్,
14 జూన్ 1768

థియో,

కోయించుకో. చొక్కా పీలికతో పార్లమెంటుకి వెళ్ళలేవు. నువ్వు రాకపోయినా నేనున్నాను. మనకి యాభై ఒక్కరు మాట ఇచ్చారు. సర్ లూకస్‌కి ముప్పై ఎనిమిది. ఆరుగురు గోడమీద పిల్లులు.

ప్రమాణం చేయకుండా ఉండాల్సిందని ఎందుకన్నావు? మతవిషయంలో నాకు పాఠాలు చెప్పకు, నిజం మీద చేసిన ప్రమాణం పాపం కాదు. ఆ మాటతోనే పదిహేనుమంది మనవైపు తిరిగారు. కిల్గోర్‌గారైతే, "మీ తమ్ముడి మాట నాకు తెలియదు. మీ మాట తెలుసు. నా ఓటు మీ మాటకి" అన్నాడు.

మిసెస్ కీటింగ్‌కి నా కృతజ్ఞతలు చెప్పు. మంచి వంటమనిషిని, మంచి ఇంటి యజమానురాలిని పొగడటంలో తప్పులేదు గానీ, ఊళ్ళో ఎవరికీ ఆమెను పొగుడుతూ ఉత్తరం రాయకు.

హెస్టర్

*

కేపెల్ వీధి,
4 జూలై 1768

అక్కా,

ఇది నేను చెప్తున్నాను, సుసానా కీటింగ్ రాస్తోంది. ఒక్క ముక్క కూడా మార్చొద్దని ఒట్టు పెట్టించుకున్నాను.

నిన్న చెయ్యి కోసి ఆ పీలిక తీశారు. ప్రాణానికి భయం లేదు.

నువ్వు అడిగిన ప్రశ్నకి మార్చిలో జవాబిచ్చాను, అడగని ప్రశ్నకి ఇవ్వలేదు. అక్కడే నిన్ను మోసం చేశాను. సభలో ఆ పెద్దమనిషి అన్నమాట ఇది: "టారంట్ ఉపన్యాసాలు ఒక కాథలిక్కు విధవ పక్కలో పుడతాయి." నేను పార్కుకి వెళ్ళింది నా పరువు కోసం కాదు.

ఆమెను రెండుసార్లు పెళ్ళాడమని అడిగాను. రెండుసార్లూ కాదంది. "మీ సీటు పోతుంది. మీ అక్కగారు నన్ను తిట్టుకుంటూ బతుకుతారు" అంది. ఏడాది గడువుంది కదా, పేరుకి మతం మారమని ఆమెకి చెప్పమని స్నేహితులు నాకు సలహా ఇచ్చారు. ఆ మాట ఆమెను నేను అడగను. వాళ్ళ అమ్మమ్మ, అమ్మ, ఆమె, ముగ్గురూ దేన్ని పట్టుకుని నిలబడ్డారో దాన్ని నా కుర్చీ కోసం వదిలేయమనడానికి నాకు నోరు రాదు. అడిగితే నేనూ సర్ లూకస్‌నే, కంచె వేరు అంతే. నిన్న కత్తి పెట్టేముందు మూడోసారి అడిగాను. సరేనంది. సెప్టెంబరులో పెళ్ళి.

గెలిచాక ఈ సంగతి బయటపెడితే ఊరిని మోసం చేసినట్టు. అందుకే ముందే రాస్తున్నాను. నా పేరు తీసేయి. నీ మాట పోగొట్టాను, క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. సర్ లూకస్ గెలిస్తే ఆ తప్పు నాది.

థియో

*

కిల్‌బ్రాకన్,
9 జూలై 1768

థియో,

నీ ఉత్తరం నిన్న పొద్దున ఏడింటికి వచ్చింది. పోలింగు పదింటికి. వంటింట్లో నిలబడే చదివాను. పెగ్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏవైందమ్మాయీ, ఎవరన్నా పోయారా?" అంది.

"సీటు పోయింది పెగ్. వాడు ఆ అచ్చుశాల ఆవిడని చేసుకుంటున్నాడు."

"మావాళ్ళ పిల్లేనా?"

"అవును, మీ మతమే."

"చెయ్యి కోశాక వాణ్ణి ఎవరు చూస్తున్నారు?"

"ఆవిడే."

"మరి ఆ ఏడుపుమొహం ఎందుకూ?" అని మళ్ళీ గంజి కలపడం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళుగా మన గంజి కలిపిన మనిషి, ఆమె మతం మనకి ఏనాడూ అడ్డురాలేదు. గంజి గిన్నె దగ్గర అడ్డురానిది పార్లమెంటు దగ్గర ఎందుకొస్తుందో నాకు ఆ నిమిషంలో అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు.

నీకు అబద్ధం చెప్పను. ఉత్తరాన్ని పొయ్యిలో పడేద్దామనుకున్నాను. నిన్నటికి నువ్వు పెళ్ళికానివాడివే, నా ప్రమాణంలో సగం నిజమే. సాయంత్రానికి గెలిచేవాళ్ళం. తర్వాత ఏడాది గడువు, ఆ తర్వాత చూసుకోవచ్చు. నేనెంత మంచి రాజకీయవేత్తనో ఆ అయిదు నిమిషాల్లో తెలిసింది, భయమేసింది. కానీ కిల్గోర్‌గారు నా మాటకి ఓటేస్తానన్నాడు. సగం నిజానికి కాదు.

ఎనిమిదింటికి ఆయన కొట్టుకి వెళ్ళాను. ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. పెదవులు కదుపుతూ చదివాడు. "అయితే మన పని అయిపోయిందన్నమాట" అన్నాడు.

"కాలేదు. మీరు నిలబడాలి."

"నేనా? నాకు మాట్లాడటం రాదమ్మా."

"మా తమ్ముడికి నాలుగు పేజీలు వచ్చు, అందులో ఒకటే పనికొచ్చింది. మీరు ఆ ఒక్కటి మాట్లాడండి. బాడవ ఇవ్వం, అనండి."

"సర్ లూకస్ నా కొట్టు మూయిస్తాడు."

వెనకనుంచి వాళ్ళావిడ అంది: "మూయిస్తే మూయిస్తాడు. టర్ఫ్ లేక చలికి చచ్చాక కొట్టు ఎవరు తెరుస్తారంట? నిలబడు." ఆయన కోటు వేసుకున్నాడు.

పదింటికి కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. ఆడవాళ్ళకి చోటు మెట్లమీద. నేను మెట్లు దిగి అధికారి బల్ల దగ్గరికి నడిచాను. ఎవరూ ఆపలేదు. "మార్చిలో మీ ముందు బైబిలు మీద ప్రమాణం చేశాను. నాకు తెలిసినంతలో నిజమే చెప్పాను, కానీ నాకు తెలిసింది తప్పు. మా తమ్ముడు మిసెస్ కీటింగ్‌ని సెప్టెంబరులో పెళ్ళాడుతున్నాడు. ఆమెను మతం మారమని అడగనంటున్నాడు. కాబట్టి పోటీలో లేడు" అన్నాను.

సర్ లూకస్ నవ్వు మొహమంతా పాకింది. "చూశారా! ఇదీ టారంట్ల మాట!" అని లేచాడు.

"కూర్చోండి సర్ లూకస్, ఇంకా అయిపోలేదు," అన్నాను. "సీటు నిలుపుకోవడానికి నోరుమూసుకుని ఉండొచ్చు. వాడు మూసుకోలేదు, నేనూ మూసుకోలేదు. మీ యాభై ఒక్క మాటలూ మీకు తిరిగి ఇచ్చేస్తున్నాను. ఎబెనెజర్ కిల్గోర్ నిలబడుతున్నాడు. బాడవ ఎవరికి కావాలో వాళ్ళు ఆయనకి ఇవ్వండి."

ముందు లేచింది టోబియాస్ గ్రీర్. ఓటు ఎవరికని అధికారి అడిగాడు. "మొన్నటిదాకా టారంట్‌గారికే అనుకున్నా. ఇప్పుడు టారంటమ్మ ఎవరికి చెబితే వాళ్ళకి. కిల్గోర్!" అని అరిచాడు. ఆ అరుపుకి మిగతావాళ్ళ గొంతులు లేచాయి.

మనవాళ్ళలో అయిదుగురు పోయారు, ప్రెస్బిటేరియన్‌కి ఓటు వేసేది లేదని. గోడమీద పిల్లుల్లో నలుగురు ఇటు దూకారు. మధ్యాహ్నం మూడింటికి లెక్క తేలింది. కిల్గోర్‌కి యాభై, సర్ లూకస్‌కి నలభై నాలుగు. ఒకాయన దారిలోనే తాగి పడిపోయాడు, ఆయన తమవాడని ఇరుపక్షాలూ ఒప్పుకోలేదు. కిల్గోర్‌ని భుజాలమీదికెత్తి ఊరేగించారు. ఆయన జీవితంలో మొదటిసారి నవ్వాడు, వెంటనే చుట్టూ చూసి ఆపేశాడు.

కాబట్టి సర్ లూకస్ గెలిస్తే తప్పు నాదని బాధపడుతున్నావే, ఆ అవసరం లేదు. నా మాట పోయిందనీ బాధపడకు. నిన్న పొద్దుటికంటే ఇవాళ దానికి విలువ పెరిగింది. దుఃఖం లేదా అంటే ఉంది. నలభై ఏళ్ళుగా ఆ సీటు మన ఇంటిది. రాత్రి నాన్న కుర్చీలో కూర్చుని కొంచెంసేపు ఏడ్చాను. తర్వాత ఆకలేసింది, తిన్నాను.

ఇక్కడినుంచి నీతో కాదు. నీ చెయ్యి కట్టులో ఉంది, ఈ ఉత్తరం పట్టుకుని నీకు చదివి వినిపిస్తున్నది ఎవరో నాకు తెలుసు.

సుసానా, నువ్వు వాడితో అన్నావట, నేను నిన్ను తిట్టుకుంటూ బతుకుతానని. ఫిబ్రవరిలో తిట్టాను, నిజమే. చేతిరాత చూసి ఇంకా ఎక్కువ తిట్టాను, అంత బాగుంది. ఇప్పుడు నాకు తీరిక లేదు. మీ ఇద్దరూ రావడానికి ఇల్లు సర్దాలి. శుక్రవారం మీ మతంవాళ్ళు మాంసం ముట్టరు కదా, ఆ రోజు మా ఇంట్లో ఇక చేపలే, పెగ్ ఎన్నాళ్ళనుంచో అదే కోరుకుంటోంది. నన్ను మిస్ టారంట్ అని పిలిచావంటే పలకను. వదినా అను.

పెళ్ళికి నేను డబ్లిన్ వస్తాను. ముందు వరుసలో కూర్చుంటాను. ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉందా అని పాదరీ అడిగినప్పుడు, లేచి నిలబడి వెనక్కి తిరిగి అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసే మనిషి ఎవరా అని కంగారుపడకు. అది నేనే.

నీ వదిన,
హెస్టర్ టారంట్